మన మొక్కల్ని, పుట్టగొడుగుల్ని ఫ్లూ వైరస్ మీద సరిగ్గా టెస్ట్ చేయండి: ఆయుష్, ఐసీఎంఆర్ పెద్దలకు బహిరంగ లేఖ

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ పెద్దలకు, భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ పెద్దలకు, మన రెండు తెలుగు రాష్ట్రాల ఆయుష్ అధికారులకు నమస్కారాలు.

నేను ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాగ్నసీ చెప్తాను, అంటే మొక్కల్లోంచి వచ్చే మందుల సబ్జెక్టు. అడగాల్సింది ముందే అడిగేస్తా. మన మొక్కలు, పుట్టగొడుగులు ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మీద పనిచేస్తాయా లేదా అని టెస్ట్ చేసే ఒక పబ్లిక్ ల్యాబు హైదరాబాద్‌లో పెట్టండి, శాంపిల్ ఎవరు తెచ్చినా ఒకే పద్ధతిలో టెస్ట్ చేయండి, వచ్చిన రిజల్టు పాసైనా ఫెయిలైనా అందరికీ కనబడేలా పెట్టండి. నేను అడిగేది ఇదే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే మిగతా ఉత్తరం, కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవమని కోరుతున్నా.

ఫ్లూ అంటే మనవాళ్ళకి ఇప్పటికీ "ఆ, జలుబు జ్వరమేలే" అన్నట్టే ఉంటుంది. కానీ 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు దేశంలో మొట్టమొదటి కన్ఫర్మ్ కేసు తేలింది మన హైదరాబాద్‌లోనే, మే 16న, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. 2015లో మళ్ళీ విరుచుకుపడింది, ఆ ఒక్క ఏడాదిలో దేశం మొత్తమ్మీద 42 వేల పైన కేసులు, దాదాపు 3 వేల మంది పోయారు, అప్పుడు గాంధీ ఆస్పత్రి గురించి రోజూ పేపర్లో చదివిన వాళ్ళు ఇంకా మర్చిపోలేదు. 2023 మొదట్లో హెచ్3ఎన్2 వచ్చి ఇంటిల్లిపాదినీ వారాల తరబడి దగ్గించింది. 2025లో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ, అదే ఏడాది ఆంధ్రలో ఆ హెచ్5ఎన్1 వల్ల ఒక పసిబిడ్డ ప్రాణం కూడా పోయింది. ఇది ఎక్కడో చైనాలోనో మెక్సికోలోనో ఉన్న జబ్బు కాదు, వానాకాలంలో ఒకసారి చలికాలంలో ఒకసారి మన గుమ్మంలోకే వస్తుంది.

మరి దానికి మన చేతిలో ఉన్న మందులెన్ని? అమాంటడీన్ ఒకప్పుడు వాడేవాళ్ళు, 2006 నాటికే వైరస్ దానికి లొంగడం మానేసింది, వాడొద్దని చెప్పేశారు. ఓసెల్టామివిర్ ఉంది, జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది, కానీ 2008-09 సీజన్లో అప్పటి మామూలు హెచ్1ఎన్1 చాలా దేశాల్లో దానికి కూడా లొంగకుండా తయారైంది, ఆ తర్వాత స్వైన్ ఫ్లూ వైరస్ వచ్చి పాతదాన్ని పక్కకి నెట్టేసింది కాబట్టి బతికిపోయాం. 2018లో బలోక్సవిర్ వచ్చింది, దానికీ రెసిస్టెన్సు కనబడింది. వ్యాక్సిన్ ఉంది, వేయించుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు, కానీ వైరస్ రూపం మారుతూ ఉంటుంది కాబట్టి అదీ ఏటేటా మార్చుకోవాల్సిందే. అంటే కొత్త మందుల అవసరం నిజంగా ఉంది, వాటిని వెతకడానికి మన అడవులు, మన పెరళ్ళు మంచి చోటే.

మంచి చోటు అని ఊరికే అనట్లేదు. ఆ ఓసెల్టామివిర్ కథే చూడండి. దాన్ని తయారుచేయడానికి కావాల్సిన షికిమిక్ యాసిడ్‌ని మొదట్లో తీసింది అనాసపువ్వు నుంచి, మనం బిర్యానీలో వేసుకునే అదే అనాసపువ్వు. 2005 డిసెంబర్లో రోష్ కంపెనీ ఆ మందు మన దేశంలో చేయడానికి లైసెన్సు ఇచ్చింది ఎవరికి? హైదరాబాద్ హెటిరో మందుల కంపెనీకి. అంటే ఈ కథలో మనం బయటి వాళ్ళం కాదు. అయితే ఇందులో జనానికి చెప్పాల్సిన ముక్క ఇంకోటుంది, అనాసపువ్వు నమిలితే ఫ్లూ తగ్గదు. షికిమిక్ యాసిడ్‌కి ఉన్నపళంగా ఫ్లూ వైరస్‌ని ఆపే శక్తి లేదు, దాన్ని తీసుకుని ల్యాబులో ఎన్నో దశల్లో మారుస్తూ పోతే చివరికి వైరస్ న్యూరామినిడేజ్ ఎంజైములో సరిగ్గా ఇరుక్కునే అణువు తయారైంది. మొక్క ఇచ్చింది ముడిసరుకు. మందు చేసింది కెమిస్ట్రీ, టెస్టింగు. మన దగ్గర మొక్కలున్నాయి, కెమిస్ట్రీ ఉంది, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, ఉప్పల్ రోడ్డులో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, బోడుప్పల్‌లో ఔషధ మొక్కల సంస్థ సీమ్యాప్ సెంటర్ ఉంది, ఎర్రగడ్డలో యునాని రీసెర్చ్ సంస్థ ఉంది. మధ్యలో ఆ టెస్టింగు దగ్గరే, మా లాంటి మామూలు కాలేజీల వాళ్ళు శాంపిల్ పట్టుకుని వెళ్ళి తలుపు తట్టడానికి చోటు కనబడట్లేదు.

చోటు లేకపోతే ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది కానీ మా వైపు నుంచి చెప్తా. ఎంఫార్మ్ స్టూడెంట్ ఒక మొక్క ఎంచుకుంటాడు, ఆకులు నీడన ఎండబెడతాడు, పొడి కొట్టి సాక్స్‌లెట్ అనే పరికరంలో పెట్టి ఇథనాల్‌తో ఎక్స్‌ట్రాక్ట్, అంటే సారం తీస్తాడు, ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి టానిన్లు ఉన్నాయి అని రంగు పరీక్షలు రాస్తాడు, యాంటీ ఆక్సిడెంట్ టెస్ట్ చేస్తాడు, వైరస్ ల్యాబు దొరకదు కాబట్టి కంప్యూటర్లో డాకింగ్, అంటే అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో బొమ్మ కట్టి చూడటం, చేసి మా మొక్కలోని ఫలానా అణువు ఫ్లూ ప్రొటీన్‌కి గట్టిగా అతుక్కుంటోంది అని స్కోరు చూపిస్తాడు, పేపర్ అచ్చవుతుంది. ఆ పిల్లాడి తప్పేం లేదు, దొరికిన దాంతో చేశాడు. కానీ ఆ పేపర్ని చూపించి ఆర్నెల్ల తర్వాత ఎవడో ఒకడు "సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది" అని సీసా మీద ముద్ర వేసి అమ్ముతాడు, యూట్యూబులో వీడియో పెడతాడు, జ్వరంతో ఉన్న మనిషి అది తాగుతూ ఆ 48 గంటలు ఇంట్లోనే గడిపేస్తాడు. నాకు నిద్ర పట్టనివ్వంది ఆ 48 గంటలే.

డాకింగ్ స్కోరుకీ వైరస్ ఆగిపోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఒక్కసారి వివరంగా చెప్పనివ్వండి, ఇది మీకు కాదు, ఈ ఉత్తరం చదివే మామూలు జనానికీ మా స్టూడెంట్లకీ.

ఫ్లూ వైరస్ మీద టెస్ట్ అంటే సాధారణంగా ఎండీసీకే అనే కణాల్ని వాడతారు, 1958లో ఒక కుక్క కిడ్నీ నుంచి తీసిన కణాల సంతతి అది, ఫ్లూ వైరస్ అందులో బాగా పెరుగుతుంది. ప్లేటులో కణాల్ని పరుస్తారు, కొలిచిన మోతాదులో వైరస్ వేస్తారు, మన ఎక్స్‌ట్రాక్టుని రకరకాల పలచన్లలో కలుపుతారు, రెండు మూడు రోజుల తర్వాత ఎన్ని కణాలు బతికాయి, ఎంత వైరస్ పుట్టింది అని చూస్తారు. వినడానికి ఈజీగానే ఉంది. కానీ వైరస్ లేకుండా ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే వేసిన కణాలు కూడా పక్కన ఉండాలి, ఎందుకంటే మొక్క రసం కణాల్నే చంపేస్తే వైరస్ పెరగడానికి చోటే ఉండదు, అప్పుడు వైరస్ తగ్గింది కదా అని మనం సంబరపడిపోతాం. అందుకే రెండు అంకెలు కావాలి, వైరస్‌ని సగానికి తగ్గించే మోతాదు ఒకటి, కణాల్లో సగాన్ని చంపే మోతాదు ఒకటి, రెండో దాన్ని మొదటి దాంతో భాగిస్తే వచ్చేదే సెలెక్టివిటీ ఇండెక్స్. 50 మైక్రోగ్రాముల దగ్గర వైరస్ తగ్గి 60 దగ్గర కణాలు చచ్చిపోతే ఆ ఇండెక్స్ 1.2, దాంతో పనేం లేదు. కనీసం 10 దాటితే ఇది ముందుకి తీసుకెళ్ళదగ్గది అని ఆలోచించొచ్చు. చాలా పేపర్లలో మొదటి అంకె ఉంటుంది, రెండోది ఉండదు.

మొక్కల ఎక్స్‌ట్రాక్టులతో ఇంకో తలనొప్పి, అవి టెస్టునే మోసం చేస్తాయి. కణాలు బతికున్నాయా అని చూడటానికి వాడే ఎంటీటీ రంగుని మొక్కల్లోని యాంటీ ఆక్సిడెంట్లు కణాలతో సంబంధం లేకుండా నేరుగా మార్చేయగలవు, కణం చచ్చినా బతికినట్టు కనబడుతుంది. న్యూరామినిడేజ్ టెస్టులో వెలుగుని కొలుస్తారు, ముదురు రంగు ఎక్స్‌ట్రాక్ట్ ఆ వెలుగుని మింగేస్తే ఎంజైము ఆగిపోయినట్టు రిజల్ట్ వస్తుంది. ఎర్ర రక్తకణాలు గుంపు కట్టడం చూసి వైరస్‌ని కొలిచే పద్ధతి ఉంది, టానిన్లు, పుట్టగొడుగుల్లో ఉండే లెక్టిన్లు వైరస్ లేకపోయినా వాటిని గుంపు కట్టించగలవు. అసలు టానిన్లు ఏ ప్రొటీన్ కనబడితే దానికి అంటుకుంటాయి, సీసాలో వైరస్‌తో కలిపితే వైరస్ ప్రొటీన్‌కీ అంటుకుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి, కరక్కాయ, దానిమ్మ తొక్క, టీ ఆకు అన్నిట్లోనూ అవే ఉన్నాయి. కానీ నోట్లో లాలాజలం ప్రొటీన్లున్నాయి, రక్తం నిండా ప్రొటీన్లే, అక్కడికి వెళ్ళేసరికి ఆ టానిన్ వైరస్ దాకా చేరేదెంత? అందుకే ఎక్స్‌ట్రాక్టుని వైరస్‌తో ముందే కలిపి ఒకసారి, కణాలకి ముందు ఇచ్చి ఒకసారి, వైరస్ లోపలికి దూరాక ఇచ్చి ఒకసారి చూడాలి, అప్పుడు తెలుస్తుంది అది తలుపు దగ్గర ఆపుతోందా, లోపల పెరుగుదలని ఆపుతోందా, అసలు సీసాలో మాత్రమే పనిచేస్తోందా అని.

పోల్చుకోడానికి తెలిసిన మందు ఒకటి పక్కన ఉండాలి. ఇక్కడ కూడా జాగ్రత్త కావాలి, మెడికల్ షాపులో దొరికే ఓసెల్టామివిర్ క్యాప్సూల్ పొడి కణాల్లో వేస్తే సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే అది మన లివర్లో మారిన తర్వాతే అసలు మందు అవుతుంది, ఆ మారిన రూపం ఓసెల్టామివిర్ కార్బాక్సిలేట్‌ని విడిగా తెప్పించుకుని వాడాలి. ఇది తెలీక క్యాప్సూల్ పొడితో పోల్చి "మా మొక్క ఓసెల్టామివిర్ కన్నా మిన్న" అని రాస్తే చదివే వాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది?

ఇంకొక్క లెక్క చెప్తా. ఒక ఎక్స్‌ట్రాక్ట్ మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల దగ్గర వైరస్‌ని ఆపిందనుకోండి, పేపర్లో అది మంచి రిజల్టే. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. రక్తంలో ఆ మోతాదు రావాలంటే 500 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ ఒక్క చుక్క పోకుండా రక్తంలోకి చేరి అక్కడే నిలబడాలి. కానీ పసుపులో కర్క్యుమిన్ లాంటివి నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేదే చాలా తక్కువ, చేరింది కూడా లివరు వెంటనే మార్చేస్తుంది. అదే ఓసెల్టామివిర్ కార్బాక్సిలేట్ నానోమోలార్ మోతాదులో, అంటే వేల రెట్లు తక్కువలో పనిచేస్తుంది. ఇది మొక్కల్ని తక్కువ చేయడానికి చెప్పట్లేదు, ఎక్స్‌ట్రాక్ట్ దగ్గర ఆగిపోకుండా దాన్ని భాగాలుగా విడదీసి ఏ భాగంలో శక్తి ఉందో వెతుక్కుంటూ పోవాలి అని చెప్తున్నా. చైనాలో తూ యూయూ గారు మలేరియాకి చేసిందదే, పాత పుస్తకాల్లోంచి 2 వేలకి పైగా యోగాలు వెతికి, దాదాపు 200 మూలికల నుంచి 380 ఎక్స్‌ట్రాక్టులు తీశారు, ఒకే మొక్క ఒకసారి పనిచేసి ఇంకోసారి పనిచేయకపోతే వదిలేయలేదు, వేడి చేయడం వల్ల పోతోందేమో అని తక్కువ వేడిలో ఈథర్‌తో తీసి చూశారు, 1971 అక్టోబర్లో 191వ నంబరు శాంపిల్ ఎలుకల్లో పూర్తిగా పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. అంతకుముందు అనుకున్నంత పనిచేయని శాంపిళ్ళ రికార్డు కూడా ఉంది చూశారా, నేను మిమ్మల్ని అడిగే రికార్డు అలాంటిదే.

ఇక పుట్టగొడుగుల సంగతి, వీటి గురించి మన దగ్గర మాట్లాడే వాళ్ళు తక్కువ, అమ్మే వాళ్ళు ఎక్కువ. చిన్న టౌన్లలో కూడా గానోడెర్మా క్యాప్సూల్స్, గానోడెర్మా కాఫీ పొడి చైన్ మార్కెటింగ్‌లో తిరుగుతున్నాయి, షుగర్ నుంచి ఫ్లూ దాకా అన్నిటికీ ఇదే మందంటారు, ఈమధ్య కార్డిసెప్స్ కూడా వచ్చింది, గ్రాముల్లెక్కన అమ్ముతున్నారు. అదే గానోడెర్మా పేరు కోనసీమ రైతుకి చెప్పండి, కొబ్బరి చెట్టు మొదట్లో పుట్టి చెట్టుని చంపే తెగులుగానే అతనికి తెలుసు. ఆ జాతి పేరుతో చాలా రకాలున్నాయి, తూర్పు ఆసియాలో మందుగా వాడే రకాన్ని 2012లోనే గానోడెర్మా లింగ్‌జీ అని విడిగా గుర్తించారు, మరి మన దగ్గర క్యాప్సూల్లో ఉన్నది ఏ రకం, పండించిందా చెట్టు మీద నుంచి కోసిందా, గొడుగా లేక బియ్యం మీద పెంచిన బూజుదారాలా, చాలా సీసాల మీద రాసి ఉండదు. పుట్టగొడుగులు నేలలోంచి కాడ్మియం లాంటి లోహాల్ని కూడా పీల్చుకుని దాచుకుంటాయి, అది కూడా టెస్ట్ చేయాల్సిందే.

అలాగని పుట్టగొడుగుల్లో ఏమీ లేదనట్లేదు. రష్యాలో వెక్టర్ అనే వైరస్ పరిశోధన సంస్థ ఉన్న నోవోసిబిర్స్క్ వైపు పరిశోధకులు ఆల్టై పర్వతాల్లో చెట్ల మీద పెరిగే పుట్టగొడుగులు ఏరుకొచ్చి, పేరు సరిగ్గా గుర్తించి, ల్యాబులో మళ్ళీ పెంచి, నీటితో తీసిన ఎక్స్‌ట్రాక్టుల్ని హెచ్5ఎన్1, హెచ్3ఎన్2 రెండిటి మీదా కణాల్లో టెస్ట్ చేసి 2012లో ప్రచురించారు, కొన్ని రకాలు బాగానే ఆపాయి. మన తూర్పు కనుమల్లో, నల్లమలలో, శేషాచలంలో, ఆదిలాబాద్ అడవుల్లో చెట్ల మీద పెరిగే ఇలాంటి గట్టి పుట్టగొడుగులు ఎన్ని లేవు, వాళ్ళ కొండల్లో వాళ్ళు చేసిన పని మన కొండల్లో మనం ఎందుకు చేయకూడదు?

పుట్టగొడుగులకి టెస్ట్ కూడా కొంచెం వేరేగా ఆలోచించాలి. వాటిలో బీటా గ్లూకాన్లు అనే పెద్ద చక్కెర అణువులు ఉంటాయి, అవి వైరస్‌ని నేరుగా చంపేవి కావు, మన రోగనిరోధక కణాల్ని కదిలించి పనిచేస్తాయంటారు, అలాంటిది కుక్క కిడ్నీ కణాల ప్లేటులో కనబడదు, ఎలుకల్లో చూడాలి, ఎలుకల్లో చూసేముందు ఎక్స్‌ట్రాక్టులో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ లేదని ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే ఆ మురికి ఒక్కటే రోగనిరోధక కణాల్ని రెచ్చగొట్టగలదు, అప్పుడు పుట్టగొడుగు గొప్పతనం అనుకున్నది కడగని పాత్ర గొప్పతనం అవుతుంది. ఈ ఎండోటాక్సిన్ టెస్ట్ ఇంజెక్షన్లు చేసే ఫార్మా కంపెనీల్లో రోజూ జరిగే పనే, హైదరాబాద్ చుట్టూ ఎన్ని కంపెనీలు లేవు, మాకు మాత్రం అందట్లేదు.

మనుషుల్లో ట్రయల్స్ సంగతి కూడా చెప్పాలి. ఆయుష్ కింద ఉన్న కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలిలో 1980ల్లో మలేరియా కోసం తయారైన ఆయుష్-64 ఉంది, ఏడాకుల పాల, కటుకరోహిణి, కిరాతతిక్త, గచ్చకాయ కలిసిన మాత్ర. ఫ్లూ లాంటి జ్వరాల్లో దాని మీద ఒక స్టడీ చేశారు, మంచిదే, కానీ అందులో 40 మంది కూడా లేరు, పారాసిటమాల్ కూడా వాడారు, పోల్చుకోడానికి మందు ఇవ్వని గ్రూపు లేదు. ఫ్లూ చాలామందికి వారంలో దానంతట అదే తగ్గుతుంది, అలాంటప్పుడు తగ్గింది మాత్ర వల్లనా పారాసిటమాల్ వల్లనా వారం గడవడం వల్లనా అని ఆ స్టడీ చెప్పలేదు, చెప్పే అవకాశమే లేదు. పైలట్ స్టడీగా అది మొదటి మెట్టు, తర్వాతి మెట్టు పెద్దగా, పీసీఆర్‌తో ఫ్లూ అని తేలిన వాళ్ళతో, పోలిక గ్రూపుతో ఉండాలి కదా. చేయలేనిదేం కాదు. 2011లో చైనా వాళ్ళు 410 మంది స్వైన్ ఫ్లూ పేషెంట్లని నాలుగు గ్రూపులు చేసి వాళ్ళ సంప్రదాయ కషాయాన్నీ ఓసెల్టామివిర్‌నీ పక్కపక్కనే పెట్టి చూశారు, ఏ మందూ ఇవ్వని వాళ్ళకి జ్వరం తగ్గడానికి సగటున 26 గంటలు, ఓసెల్టామివిర్‌కి 20, కషాయానికి 16, రెండూ కలిపితే 15. ఎవరు ఏది తాగుతున్నారో అందరికీ తెలుసు కాబట్టి ఆ ట్రయల్‌కీ లోపముంది, అయినా చర్చించుకోడానికి ఒక అంకె అంటూ ఉంది. ఇంకో వైపు, ఎల్డర్‌బెర్రీ సిరప్ చూడండి, మొదట్లో చిన్న ట్రయల్‌లో గొప్పగా పనిచేసిందన్నారు, 2020లో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు టెస్టులో ఫ్లూ తేలిన వాళ్ళతో జాగ్రత్తగా చేస్తే ప్రయోజనం కనబడలేదు. ప్రచురించారు. దాంతో ఆ మొక్క పరువేం పోలేదు, జనానికి విషయం తెలిసింది.

మన దగ్గర జనం ఎంత ఆశగా ఎదురుచూస్తారో 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం కట్టిన బారులు చూసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అది కరోనా సంగతి, ఫ్లూ కాదు, కానీ రేపు పెద్ద ఫ్లూ వస్తే జరిగేది అదే. ఆక్సిజన్ దొరకని రోజుల్లో వేల మంది అక్కడికి వెళ్ళారు, వాళ్ళని మూర్ఖులు అన్నవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది, మనిషి ప్రాణం మీదకొస్తే ఎక్కడ తలుపు తెరిచి ఉంటే అక్కడికి వెళ్తాడు. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి రిపోర్టు చూసి నెలాఖరుకి ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతి ఇచ్చింది, హాని లేదన్నారు, జబ్బు తగ్గుతుందనడానికి మాత్రం ఆధారం లేదన్నారు. హడావుడిలో అంతకన్నా ఏం చేయగలరు, నేను తప్పు పట్టట్లేదు. ల్యాబు ముందే ఉండి, పద్ధతి ముందే రాసిపెట్టి ఉంటే, ఆ మందు కణాల్లో పనిచేస్తుందా లేదా అన్న మొదటి జవాబు రెండు మూడు వారాల్లో వచ్చేది. ఆ జవాబు ఇప్పటికీ జనానికి చేరలేదు, నమ్మేవాళ్ళు నమ్ముతూనే ఉన్నారు, నమ్మనివాళ్ళు తిడుతూనే ఉన్నారు.

హాని సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. కరోనా టైంలో తిప్పతీగ ఇంటింటా మరిగించుకుని తాగారు, 2021లో ముంబై డాక్టర్లు అలా తాగిన ఆరుగురికి లివర్ దెబ్బతిందని రాశారు, ఆ తర్వాత 13 ఆస్పత్రుల నుంచి 43 మంది కేసులు ప్రచురించారు. మీ శాఖ ఒప్పుకోలేదు, అది అసలు తిప్పతీగ కాకుండా దానిలాగే కనబడే టైనోస్పోరా క్రిస్పా అయ్యుండొచ్చు అన్నారు. సరే, మీ మాటే నిజమనుకుందాం, అప్పుడు కూడా బజార్లో తిప్పతీగ పేరుతో వేరే తీగ అమ్ముతున్నారనే కదా అర్థం, అది ఇంకా పెద్ద సమస్య కదా. దీనికి మందు మా సబ్జెక్టులో మొదటి పాఠమే, ప్రతి శాంపిల్‌కీ పువ్వుతో కాయతో సహా ఒక కొమ్మని హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే చోట, దాచిపెట్టడం, వీలైతే డీఎన్ఏ బార్‌కోడ్ చేయించడం, ఎక్కడ ఏ నెలలో కోశారో రాయడం. రేపు గొడవ వచ్చినప్పుడు తీసి చూసుకోవచ్చు.

నేను అడిగే ల్యాబుకి రాకెట్ లాంచింగ్ స్టేషన్ అంత ఖర్చేం కాదు. మామూలు సీజనల్ ఫ్లూ వైరస్‌తో పనిచేయడానికి బీఎస్ఎల్-2 అనే రెండో స్థాయి జీవ భద్రత సదుపాయం చాలు, హెచ్5ఎన్1 లాంటివి మాత్రం పుణె జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్ఐవీ) లాంటి పెద్ద భద్రత ఉన్న చోటే చేయాలి, వాటిని జిల్లాలకి తెమ్మని అడగట్లేదు. అమెరికాలో వాళ్ళ అలర్జీ, అంటువ్యాధుల సంస్థ పరిశోధకుల శాంపిళ్ళని డబ్బులు తీసుకోకుండా వైరస్‌ల మీద టెస్ట్ చేసిపెడుతుంది, యూటా స్టేట్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఆ పని జరుగుతుంది. వాళ్ళ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన మొక్కల, సముద్రజీవుల, సూక్ష్మజీవుల ఎక్స్‌ట్రాక్టులు 2 లక్షలకి పైగా ఫ్రీజర్లలో దాచి అడిగిన పరిశోధకులకి ప్లేట్లలో పంపుతోంది. ఇంత జీవవైవిధ్యం ఉన్న దేశంలో మనకి అలాంటి ఫ్రీజర్ తెలుగు నేల మీద ఒక్కటైనా ఉండాలి. 2023 మేలో ఆయుష్, ఐసీఎంఆర్ కలిసి పనిచేస్తామని ఒప్పందం కూడా రాసుకున్నారు, కాబట్టి ఇది ఎవరి పరిధి అన్న ప్రశ్న రాకూడదు.

చట్టంలో దారి కూడా ఉంది. 2015 నవంబర్లోనే ఫైటోఫార్మాస్యూటికల్ అని ఒక కొత్త వర్గం తెచ్చారు, మొక్క నుంచి తీసి శుద్ధి చేసిన భాగంలో కనీసం నాలుగు రసాయనాల్ని కొలిచి చూపించి, మామూలు మందుల్లాగే ట్రయల్స్ చేసి పర్మిషన్ తెచ్చుకోవచ్చు. మన చేలగట్ల మీద పెరిగే దూసరతీగ నుంచి తీసిన మందుని 2020లో ఆ దారిలోనే కరోనా ట్రయల్స్‌కి తీసుకెళ్ళారు. పాత ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న యోగాలకి ట్రయల్స్ అక్కర్లేకుండానే లైసెన్సు ఇచ్చే పద్ధతి వేరే ఉంది, అది ఎలాగూ ఉంటుంది, కానీ సీసా మీద "ఫ్లూ వైరస్‌ని చంపుతుంది" అని రాయాలంటే మాత్రం ఫ్లూ వైరస్ మీద చేసిన టెస్ట్ చూపించమని అడగండి. అంతకన్నా న్యాయమైన కోరిక ఉంటుందని నేననుకోను.

ఫెయిలైన రిజల్టుల గురించి ఒక మాట, ఎందుకంటే దీనికే ఎక్కువ అడ్డుపడతారని నాకు తెలుసు. నేనున్న రంగంలో నెగెటివ్ రిజల్ట్ వస్తే గైడు ముఖం ముడుచుకుంటాడు, జర్నల్ తీసుకోదు, స్టూడెంట్‌కి థీసిస్ ఆలస్యమవుతుంది, అందుకని అదే మొక్కని పది కాలేజీల్లో పదిసార్లు టెస్ట్ చేసి పదిసార్లూ బీరువాలో పెట్టేస్తారు. పనిచేయని మొక్కల లిస్టు బయట ఉంటే పదకొండో కాలేజీ పిల్లాడు ఇంకో మొక్క ఎంచుకుంటాడు. మనుషుల్లో చేసే ట్రయల్స్‌ని ముందే ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలని 2009లో కచ్చితం చేశారు కదా, ఎక్స్‌ట్రాక్ట్ టెస్టులకీ అలాంటి ఒక రిజిస్టర్ పెట్టండి, మొక్క పేరు, కోసిన చోటు, తీసిన పద్ధతి, ఏ వైరస్, రెండు అంకెలు, పోల్చిన మందు, అంతే.

ఇంకా ముఖ్యమైంది, ఆ మొక్క గురించి మనకి చెప్పిన వాళ్ళు. నల్లమల చెంచులో, మన్యంలో కొండరెడ్లో "జ్వరానికి మేం ఈ వేరు నూరి ఇస్తాం" అని చెప్పాకే మనం ల్యాబుకి వెళ్తాం, పేపర్ మీద మాత్రం వాళ్ళ ఊసే ఉండదు. కేరళలో కాణి తెగవాళ్ళు చెప్పిన ఆరోగ్యపచ్చ మొక్కతో జీవని అనే మందు చేసినప్పుడు అక్కడి బొటానిక్ గార్డెన్ సంస్థ లైసెన్సు ఫీజులోనూ రాయల్టీలోనూ సగం ఆ తెగకి ఇచ్చింది, 1990ల్లోనే. 2002 జీవవైవిధ్య చట్టం కూడా లాభంలో వాటా ఇవ్వాలనే చెప్తోంది. మన ల్యాబులో శాంపిల్ తీసుకునే ఫారం మీదే "ఈ వాడుక ఎవరు చెప్పారు, వాళ్ళ గ్రామసభ ఒప్పుకుందా" అన్న గడి ఉండాలి, అది ఖాళీగా ఉంటే శాంపిల్ తీసుకోకూడదు.

మొదట ఏం చేయాలి అని అడిగితే, నా వరకు నేను కొన్ని పేర్లు చెప్పగలను, నేలవేము, తిప్పతీగ, తులసి, అడ్డసరం, కరక్కాయ, శొంఠి, పిప్పళ్ళు, ఏడాకుల పాల, దూసరతీగ, వీటితో పాటు మన అడవుల్లో చెట్ల మీద దొరికే గట్టి పుట్టగొడుగులు, పండించే రకాల్లో ముత్యపు చిప్ప పుట్టగొడుగు. జనం ఆల్రెడీ తాగుతున్నవి, కొంటున్నవి ముందు తేల్చండి. ఒక్కోదాన్ని మూడు జిల్లాల నుంచి, రెండు సీజన్లలో కోసి, చల్లని నీళ్ళతో, కషాయంలా మరిగించి, ఆల్కహాలుతో వేర్వేరుగా తీసి, ఇప్పుడు తిరుగుతున్న హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, ఇన్‌ఫ్లుయెంజా బి మూడిటి మీదా చూడండి. మా కాలేజీల నుంచి మొక్కలు గుర్తించి, కోసి, ఎండబెట్టి, హెర్బేరియంతో సహా తెచ్చిచ్చే పని మేం చేస్తాం, దానికి మీరు జీతాలివ్వక్కర్లేదు, మా ఎంఫార్మ్ పిల్లలకి అదే థీసిస్ అవుతుంది.

ఈ ఉత్తరానికి జవాబుగా నేను ఆశించేది ఒక మీటింగు. ఆయుష్ నుంచి ఒకరు, ఐసీఎంఆర్ నుంచి వైరాలజీ తెలిసినవాళ్ళు ఒకరు, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి హైదరాబాద్ సీఎస్ఐఆర్ ల్యాబుల నుంచి ఒకరు, రెండు రాష్ట్రాల ఫార్మసీ, ఆయుర్వేద కాలేజీల నుంచి కొందరు, గిరిజన సంక్షేమ శాఖ నుంచి ఒకరు కూర్చుంటే ఒక్క రోజులో టెస్ట్ పద్ధతి రాసేయొచ్చు. వచ్చే వానాకాలం ఫ్లూ మొదలయ్యే లోపు ఆ మీటింగు తేదీ చెప్పండి, మేం వస్తాం.

ఇట్లు,
ఒక ఫార్మకాగ్నసీ లెక్చరర్